బిందెల నీళ్ళ మీద పడవ

లాకు గది తలుపు మీద సత్తియ్య రెండు కాయితాలు అంటించాడు. రెండింటికీ ఒకే గిన్నెలో మైదా ఉడికించాడు. ఒకటి ఇరిగేషన్ ఆఫీసు నోటీసు, తెల్లది. రెండోది వెదుళ్ళమ్మ తల్లి జాతర కరపత్రం, పసుపుపచ్చది. నాలుగడుగులు వెనక్కి వేసి, రెండూ వంకర లేకుండా ఉన్నాయని చూసుకున్నాడు. చూసుకోవలసింది అదొక్కటే కాదని తెలియడానికి మూడు రోజులు పట్టింది.

సత్తియ్య కాలువ మీద లస్కరు. వెదుళ్ళపాడు లాకు దగ్గర షట్టర్లు ఎత్తడం, దించడం, నీటి మట్టం పుస్తకంలో రాయడం అతని పని. ముప్పై ఏళ్ళుగా అదే. నీళ్ళ చప్పుడు విని ఎన్ని అంగుళాలు వస్తోందో చెప్పగలడు గానీ, ఎవరైనా అడిగితే తప్ప చెప్పడు.

మూడో రోజు మధ్యాహ్నం తల్లి పాపాయమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని గట్టు మీద నడిచి వచ్చింది. ఆమెకు ఎనభై తొమ్మిది. ఎండలో రావద్దని రోజూ చెప్తాడు, రోజూ వస్తుంది. తలుపు ముందు నిలబడి, చదువు రాని కళ్ళతో రెండు కాయితాలనూ పైనుంచి కిందికి చూసింది.

"ఏం రాశారా వీటిల్లో?"

"ఇది కాలవ కట్టే నోటీసమ్మా. ఏప్రిల్ పదో తారీఖు సాయంత్రం ఆరింటి నుంచి నీళ్ళు ఆపేస్తారు. జూన్ దాకా రావు."

"ఈ పచ్చది?"

"జాతరది. చైత్ర పౌర్ణమి, ఏప్రిల్ ఇరవై మూడు. మొగలిమెరక నుంచి మొగలాలమ్మ తల్లి అక్కగారిని చూడ్డానికి పడవ మీద…"

అక్కడ సత్తియ్య ఆగి, తెల్ల కాయితం మీద తారీఖు మళ్ళీ చదివాడు.

పాపాయమ్మ ఎడమ వైపు కాయితం చూసింది. కుడి వైపు కాయితం చూసింది. కొడుకు మొహం చూసింది.

"పడవ దేని మీద నడుస్తుందిరా మరి?" అంది.

ఈ పొరపాటు ఆ రెండు ఊళ్ళవాళ్ళకి తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు. వెదుళ్ళపాడులో ప్రతి రైతుకీ కాలువ కట్టే తారీఖు తన పెళ్ళి తారీఖు కన్నా బాగా గుర్తుంటుంది. రెండో పంట దాళ్వా వరికి ఆఖరి తడి ఎప్పుడన్నది దాన్ని బట్టే. అమ్మ పౌర్ణమి ఎప్పుడన్నదీ ఇంటింటి క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో చుట్టి ఉంది. కానీ ఒకటి పొలం మాట, ఒకటి గుడి మాట. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. పన్నెండేళ్ళ కిందట చెల్లెలు మొగలాలమ్మ వచ్చినప్పుడు పౌర్ణమి ఏప్రిల్ ఆరున పడింది, కాలువ నిండా నీళ్ళున్నాయి. పోయినేడు అధిక శ్రావణం వచ్చి పండగలన్నిటినీ వెనక్కి తోసేసిందన్న సంగతి పురోహితుడికి తెలుసు. నీళ్ళ సంగతి సత్తియ్యకు తెలుసు. ఒకే మైదాతో రెండింటినీ అంటించినవాడు అతనే.

వెదుళ్ళమ్మ, మొగలాలమ్మ అక్కచెల్లెళ్ళు. అక్క వెదురు పొదలో దొరికిందంటారు, చెల్లెలు మొగలి పొదలో. ఎప్పటివాళ్ళో ఎవరికీ తెలియదు. అక్క గుడి గోడలో మూరెడు పొడుగు ఇటుకలున్నాయి. రాజమండ్రి నుంచి ఒక లెక్చరర్ గారొచ్చి, టేపు పెట్టి కొలిచి, ఇవి వెయ్యేళ్ళ నాటివి అయ్యుండొచ్చు అని వెళ్ళాడు. ఊరివాళ్ళకు ఆ మాట చప్పగా అనిపించింది. వాళ్ళ లెక్కలో అమ్మ అంతకన్నా చాలా పెద్దది. ఏటా జాతర ఉంటుంది గానీ, చెల్లెలు రావడం మాత్రం పన్నెండేళ్ళకోసారి. మూడు కిలోమీటర్లు, కాలువ మీద, పడవలో. తెడ్డు వెయ్యరు. గట్టు మీంచి మోకు కట్టి జనం లాగుతారు. మోకు మీద మొదటి చెయ్యి సత్తియ్య ఇంటివాళ్ళది. పూర్వం వాళ్ళు ధాన్యం పడవలు లాగినవాళ్ళు.

పాపాయమ్మ పుట్టిల్లు మొగలిమెరక. పద్నాలుగో ఏట పెళ్ళై ఆ కాలువ మీదే పడవలో కాపురానికి వచ్చింది. ఈ గట్టు మీద నిలబడి చెల్లెలి రాకను ఆరుసార్లు చూసింది.

"నా పుట్టింటివాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతేరా," అంది ఆ సాయంత్రం, వేళ్ళు మడిచి లెక్కపెడుతూ. "మళ్ళీ వచ్చేసరికి నాకు నూటొకటి."

పదో తారీఖు సాయంత్రం ఆరింటికి సత్తియ్య లాకు మీదకెక్కి చక్రం తిప్పి షట్టరు దించాడు. అన్నేళ్ళలో దించినవన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. కింద నీటి హోరు సన్నబడి, గలగలై, చుక్కలై ఆగిపోయేదాకా కదల్లేదు. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఏఈ మేడం ముందు నిలబడ్డాడు.

కృపారాణి మేడం వచ్చి రెండేళ్ళయింది. లస్కర్లందరినీ గారు అని పిలుస్తుంది. సత్తియ్య తనంతట తాను ఆఫీసుకు రావడం అదే మొదలు. కుర్చీ చూపించింది. కూర్చోలేదు.

"ఒక్క పూట నీళ్ళండి. ఇరవై మూడున. పడవ తేలేంత."

ఆమె అంతా విని తల అడ్డంగా ఊపింది. "దిగువన కాంక్రీటు పని మొదలెడుతున్నారండి సత్తియ్య గారూ. చుక్క వదిలినా కొట్టుకుపోతుంది. మీకు తెలియనిది కాదు."

"తెలుసండి."

"తెలిసీ అడిగారా?"

"ఆయ్. అమ్మకి అడిగానని చెప్పాలి గదండి."

ఆమె నవ్వు ఆపుకుంది. "నీళ్ళు నేనివ్వలేనండి. కాలవలో నడిచేవాళ్ళని మటుకు ఆపను."

ఆ సాయంత్రం గుడి మండపంలో కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు చంద్రరావు గారు ఇరవై ఎకరాల ఆసామి, ఏ చిక్కుకైనా వాహనంతో విరుగుడు చెప్పే మనిషి. తేదీ మార్చడానికి లేదు, పందిరి రాట వేసేశారు. రాట వేశాక అమ్మ పండగ ఆగదు.

"అంత ఆలోచన దేనికయ్యా? పడవని ట్రాక్టరు తొట్టిలో పెడదాం. అమ్మ పడవలోనే ఉంటుంది, పడవ తొట్టిలో ఉంటుంది. రోడ్డు మీద పావుగంట," అన్నాడు.

మండపం స్తంభానికి ఆనుకుని కూర్చున్న పాపాయమ్మ గొంతు సవరించుకుంది. "అక్క ఇంటికి వచ్చే ఆడకూతుర్ని ధాన్యం బస్తా లాగా తొట్టిలో వేసుకొస్తారా చంద్రరావు గారూ?"

"అది కాదు మామ్మగారూ…"

"మీ చెల్లెల్ని అలాగే తెస్తారా?"

చంద్రరావు గారి చెల్లెలు తణుకులో ఉంటుంది, కారులో తప్ప రాదు. అందరూ నవ్వారు, ఆయన కూడా. అమ్మ చక్రం ఎక్కదన్నది అసలే పాత కట్టు. ట్రాక్టరు మాట అక్కడితో పోయింది.

కాలువ గురించి ఆలోచించడం మొదలుపెడితే సత్తియ్య బుర్ర మొదటికి వెళ్ళి ఆగుతుంది. కాలువ తవ్వింది ఆనకట్ట కట్టినప్పుడు. అంటే నూట డెబ్బై ఏళ్ళు. అమ్మ అంతకు ముందునుంచీ ఉంది. ఇటుకలున్నాయి. నోరు విప్పాడు.

"కాలవ లేనప్పుడు ఆవిడ ఎలా వచ్చేదండి?"

అందరూ అతని వైపు తిరిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది ఒక్కడి దగ్గరే. ముసలయ్య ఆసాది. అమ్మ కథ పాడే ఇల్లు వాళ్ళది. జాతరలో మూడు సాయంత్రాలు పాడతాడు. చెల్లెలి ప్రయాణం రెండో సాయంత్రం మధ్యలో వస్తుంది, సరిగ్గా జనం టీకి లేచి వెళ్ళే చోట.

"ఉందండి అందులో," అన్నాడు ముసలయ్య. "ఎవరు వింటేనండి?" డప్పు లేకుండానే, చేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ అందుకున్నాడు.

"ఏరు దూరమాయె, ఎండ మండిపోయె
అక్క చూడాలనీ చెల్లి పడవెక్కె
ముందు పసుపు నీళ్ళు, మోకు పట్టె ఊరు
నేల మీద నావ నిమ్మళంగా నడిచె"

"అది అమ్మ మహిమ గదా," అన్నాడు చంద్రరావు గారు.

"మహిమైతే మోకెందుకండి?" అన్నాడు సత్తియ్య.

అమ్మ వీధిలోకి వస్తే ఆ పక్క ఊళ్ళల్లో దారిలో నీళ్ళు పోస్తారు, దాన్ని 'వారు పోయడం' అంటారు. ప్రతి ఇంటి ఆడవాళ్ళూ బిందెడు నీళ్ళలో పసుపు కలిపి, వేపమండ వేసి, ఆమె నడిచే దారిలో వంచుతారు. దారి చల్లబడాలని అంటారు. ఎందుకు మొదలైందో ఎవరూ అడగలేదు. దాళ్వా చేలో తడిసిన గట్టు మీద కాలు ఎలా జారుతుందో ఆ మండపంలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చంద్రరావు గారు తొడ మీద చరుచుకుని, "కాలవ అడుగంతా ఒండ్రు మట్టేగా," అన్నాడు.

పడవ బాగుచేసే పని ఐజాక్‌కి ఇచ్చారు. చుట్టుపక్కల ఇంకా పడవ అడుగు తెలిసిన వడ్రంగి అతనొక్కడే. వారం రోజులు అమ్మ పడవను బోర్లించి పలకల సందుల్లో తారు పోశాడు, అడుగున రెండు చీల్చిన తాటి దూలాలు నిలువునా బిగించాడు.

"చక్రం కాదు గదా?" అని పాపాయమ్మ వచ్చి తడిమి చూసింది.

"జారుడు బద్దలు మామ్మగారూ. ఎక్కడా గుండ్రంగా లేదు చూడండి."

"మీ పాస్టరు గారేమీ అనడు గదా అబ్బాయా?"

"పడవ పని చేశానంటానండి. నేను చేసింది పడవేగా."

ఇరవై మూడో తారీఖు పొద్దున ఆరున్నరకి మొగలిమెరక రేవులో, ఎండిన కాలువ నడుమ, మొగలాకులు చుట్టిన పడవ నిలబడింది. ముందు రోజే రెండు ఊళ్ళవాళ్ళూ దారి పొడుగునా వరిగడ్డి పరిచారు. గంగాధర్ అనే అతను తల మీద అమ్మ కలశం, ఇత్తడి గరగ ఎత్తుకుని పడవలో ఎక్కాడు. గరగ పైన పాము పడగ, పడగ కింద మొగలాలమ్మ మొహం. డప్పులు మొదలయ్యాయి. సత్తియ్య మోకు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. అతని వెనక నలభై మంది, రెండో మోకు మీద ఇంకో నలభై మంది.

మొగలిమెరక ఆడవాళ్ళు రెండు వరసల్లో నిలబడి బిందెలు వంచారు. పసుపు నీళ్ళు గడ్డిలో ఇంకి, ఒండ్రు మట్టి జిగటగా తేలింది. "హైలెస్సా," అన్నాడు సత్తియ్య. అంత గట్టిగా అరవగలడని అతనికే తెలియదు. పడవ ఒక్క క్షణం మొండికేసి, ఊగి, కదిలింది. కదలడం కాదు, జారింది. మొదటి వరసలో లాగేవాళ్ళు నలుగురు వెల్లకిలా పడ్డారు. వాళ్ళ మీద నుంచి నవ్వులు లేచాయి.

గట్టు మీద జనం, గట్టు కింద జనం. కోత మిషన్లు చేలల్లోనే ఆపేసి డ్రైవర్లు గట్టెక్కారు. ముసలయ్య పడవ పక్కన నడుస్తూ, ఆ నాలుగు పాదాలే తిప్పి తిప్పి పాడాడు. ఈసారి ఎవరూ టీకి వెళ్ళలేదు. రెండు కిలోమీటర్లు గంటన్నరలో గడిచాయి. మొగలిమెరక ఆడవాళ్ళు గట్టు పక్క చేలల్లో బోర్ల దగ్గర నింపుకుంటూ, పరిగెత్తుతూ పోశారు. పొలిమేర రాయి దగ్గర ఆగిపోయారు. ఊరి పొలిమేర దాటి వారు పోయకూడదు. అక్కడ నుంచి వెదుళ్ళపాడు వంతు.

పొలిమేర దాటాక, నీళ్ళు పోసేవాళ్ళు లేక గడ్డి మీద బరువుగా జారుతూ అర కిలోమీటరు వెళ్ళి పడవ ఆగింది.

సత్తియ్యకు ఆ చోటు తెలుసు. గట్టు వంపు దగ్గర ఇసుక మేట. ఒండ్రు లేదు, అడుగు లోతు పొడి ఇసుక. దూలాలు దిగబడ్డాయి. రెండుసార్లు, మూడుసార్లు లాగారు. మోకు కిర్రుమంది గానీ పడవ అంగుళం కదల్లేదు. తొమ్మిది దాటింది, ఎండ ఎక్కింది. పడవలో గంగాధర్ తల మీద గరగ దించకూడదు, మెడ నరాలు తేలుతున్నాయి. వెదుళ్ళపాడు రేవు ఇంకా అర కిలోమీటరు. అక్కడ ఆడవాళ్ళందరూ నిండు బిందెలతో ఎవరి గుమ్మం ముందు వాళ్ళు నిలబడి ఉన్నారు, కట్టు ప్రకారం.

సత్తియ్య ఒక చేత్తో మోకు వదలకుండా రెండో చేత్తో ఫోను తీసి చంద్రరావు గారికి చేశాడు.

"ఇసుక మేట దగ్గర ఆగిందండి. నీళ్ళు కావాలండి."

చంద్రరావు గారు రేవు దగ్గర పందిట్లో మైకు పట్టుకుని ఉన్నాడు. కాలువ గట్టు పొడుగునా స్తంభాలకు కట్టిన మైకు బాకాలన్నిట్లోంచీ ఆయన గొంతు వచ్చింది. "మహిళా భక్తులకు విజ్ఞప్తి. అమ్మ పడవ ఇసుక మేట దగ్గర ఆగినది. బిందెలతో ఎదురు వెళ్ళవలసినదిగా…" అక్కడే ఆగాడు. వెంటనే పక్కనుంచి ఎవరివో ఆడగొంతులు. గుమ్మం దాటి వారు పోయకూడదు గదా అని ఒకరు. మా అత్తగారు ఎప్పుడూ అలా చెయ్యలేదని ఒకరు. పురోహితుణ్ణి అడగండి అని ఇంకొకరు. మైకు కట్టేయడం చంద్రరావు గారు మరిచిపోయాడు. అర కిలోమీటరు అవతల ఎండిన కాలువలో మోకు పట్టుకుని రెండు ఊళ్ళ మగవాళ్ళూ అదంతా వింటున్నారు.

అప్పుడు ఇంకో గొంతు వచ్చింది. సన్నటి గొంతు, బాకాల్లో కొంచెం బొంగురుగా.

"గుమ్మం దాకా వచ్చాక పోస్తే కాళ్ళు కడగడానికి పనికొస్తాయే. రావడానికి ఎవరు పోస్తారు? నేను కాపురానికొచ్చిన రోజు నా అత్తగారు రేవు దాకా ఎదురొచ్చింది. గుమ్మంలో కూర్చోలేదు. లేవండి."

ఆ వెనకే బాకాల్లో బిందెల చప్పుడు.

సత్తియ్య చుట్టూ ఉన్నవాళ్ళు అతని వైపు చూశారు. "మీ అమ్మగారేనా?" అన్నాడు వెనకాల ఉన్న మొగలిమెరక మనిషి. "మీ ఊరి ఆడపడుచే గదండి," అన్నాడు సత్తియ్య.

కాలువ వంపులోంచి మొదట పసుపు రంగు కనపడింది, తరవాత మనుషులు. బిందెలు నెత్తిన పెట్టుకుని, చీరలు ఎగదోపుకుని, కాలువ అడుగునే వస్తున్నారు. ఒకరి వెనక ఒకరు ఇసుక మీద వంచారు. అయిపోయినవాళ్ళు గట్టు పక్కనున్న పల్లంరాజు గారి చేనిలో బోరు దగ్గరికి పరిగెత్తారు. బోరు దగ్గర నుంచి పడవ దాకా వరస కట్టి బిందె చేతులు మారింది. పొడి ఇసుక మొదట్లో ఎంత పోసినా తాగేసింది. యాభై బిందెలు. నూరు. సత్తియ్య ఇసుకను కాలి బొటనవేలితో నొక్కి చూస్తూ నిలబడ్డాడు. మెత్తగా దిగేది క్రమంగా గట్టిపడింది. పైన సన్నటి నీటి పొర మెరిసింది.

"ఇక పట్టండి," అనబోయాడు. అప్పుడు కనపడింది తల్లి. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుంటే, మధ్యలో నడిచి వస్తోంది. అర కిలోమీటరు, కాలువ అడుగున. చేతిలో రోజూ మజ్జిగ తెచ్చే చెంబు. మోకు పట్టుకున్నవాళ్ళందరూ కదలకుండా ఆగారు. ఎవరూ ఆగమనలేదు.

పాపాయమ్మ పడవ ముందుకొచ్చి గరగ వైపు తలెత్తి చూసింది. "వచ్చావా తల్లీ," అంది, పక్కింటి మనిషిని పలకరించినట్టు. "దారి బాలేదు. ఏమనుకోకు." చెంబులో పసుపు నీళ్ళు పడవ ముందు ఒంపి, పక్కకు తప్పుకుంది.

"హైలెస్సా," అన్నాడు సత్తియ్య.

పడవ ఒక్క ఊపున మేట దాటింది.

సరిగ్గా అప్పుడే గట్టు మీద స్కూటీ ఆగింది. కృపారాణి మేడం హెల్మెట్ తీసి కిందికి చూసింది. కాలువ మధ్య పసుపు నీటి దారి, మోకాళ్ళ దాకా బురద కొట్టుకున్న రెండు ఊళ్ళు.

"సత్తియ్య గారూ, కాలవలో నీళ్ళు పారుతున్నాయని ఎవరో ఫోన్ చేశారండి."

"షట్టరు దించే ఉందండి. ఇవి బిందెల నీళ్ళండి."

ఆమె చెప్పులు గట్టు మీద వదిలి, చుడీదార్ పైకి మడుచుకుని దిగింది. "మోకు ఖాళీ ఉందా?" అంది. నలుగురు జరిగి చోటిచ్చారు. ఆ అర కిలోమీటరూ ఐజాక్ పక్కన నిలబడి లాగింది. రేవు చేరేసరికి ఇద్దరి బట్టల రంగూ చెప్పలేనట్టుంది.

వెదుళ్ళపాడు రేవులో అక్క గరగ మెట్లు దిగి ఎదురొచ్చింది. రెండు గరగలూ పడగకు పడగ ఆనించారు. డప్పులు ఒక్కసారిగా ఆగి మళ్ళీ అందుకున్నాయి. ఆ తరవాత ఎవరు ఎవరి మీద పసుపు నీళ్ళు పోస్తున్నారో తెలియలేదు. పందిరి పక్కన వసంతాల ఆటకని పసుపు నీళ్ళు కలిపిన గంగాళం సాయంత్రానికి ఉంచాల్సింది, పదకొండింటికే ఖాళీ అయింది. ఇస్త్రీ ఖద్దరులో ఉన్న చంద్రరావు గారిని మొగలిమెరక వాళ్ళు కాలువలోకి దించి బురదలో పొర్లించారు. ఆయన చేతిలో మైకు ఇంకా కట్టేయలేదు. ఆయన నవ్వు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి వినపడింది.

సాయంత్రం సత్తియ్య లాకు గది దగ్గరికి వచ్చాడు. పండగైనా పుస్తకంలో మట్టం రాయాలి. సున్నా అని రాశాడు. పాపాయమ్మ గట్టు మీద కూర్చుని పాదాలకు కొబ్బరినూనె రాసుకుంటోంది. కాలువలో పసుపు చార పొద్దు వాలే ఎండలో ఇంకా కనపడుతోంది.

"ఒరే, మళ్ళీ పన్నెండేళ్ళకి పౌర్ణమి ఎప్పుడు పడుతుందో నీ ఫోనులో చూడు."

అతను చాలాసేపు తడిమి చూశాడు. "ఏప్రిల్ పదమ్మా."

"కాలవ కట్టేసి ఉంటుందా?"

"రెండు రోజులు ముందే కడితే ఉంటుంది. ఈ ఏటి లాగా పదిన సాయంత్రం కడితే, పొద్దున ఇంకా నీళ్ళుంటాయి."

పాపాయమ్మ నూనె చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది.

"మీ మేడంకి ఇప్పుడే చెప్పి ఉంచు," అంది. "ఆ రెండు రోజులూ ముందే కట్టేయమను. నీళ్ళుంటే ఊరికే తేలి వచ్చేస్తుంది. మనం పొయ్యడానికేం ఉంటుంది?"